చిత్తరువు వీపు మీది చరిత్ర

తెరిచిన అరచేతికి కాస్త మించే కాగితం అది. ఎత్తు 19 సెంటీమీటర్లు, వెడల్పు 13కి కొంచెం లోపు. అందులో ఒక పెద్దమనిషి: గుబురు గడ్డం, బరువెక్కిన బుగ్గలు, నిద్ర చాలనట్టున్న కళ్లు, తలకు టోపీ. పై మూలల్లో చెరొక రాజచిహ్నం. కింద రాతిపలకలా గీసిన చట్రంలో లాటిన్ పంక్తులు. ఆయన సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్, చరిత్రలో ‘వివేకి’ అన్న బిరుదుతో మిగిలిన మనిషి. మార్టిన్ లూథర్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు 1521లో వార్ట్‌బర్గ్ కోటలో దాచి కాపాడింది ఆయనే. ఈ చిత్తరువును 1524లో రాగిరేకు మీద చెక్కినవాడు న్యూరెంబర్గ్ కళాకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్. శాసనం చివరలో బి, ఎమ్, ఎఫ్, వి, వి అని ఐదు అక్షరాలుంటాయి. ‘యోగ్యుడికి, బతికున్నవాడు బతికున్నవాడి కోసం చేసినది’ అని వాటికి అర్థం చెబుతారు. రోమన్ల సమాధి రాతల ఒరవడిని తీసుకుని, పోయినవాళ్ల కోసం వాడే మాటను బతికున్న మనిషికి తిప్పిన చమత్కారం అది. మరుసటి ఏడాదే ఫ్రెడరిక్ కన్నుమూశాడు.

ఈ చిత్తరువు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. న్యూయార్క్‌లో మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. ముద్రాచిత్రాలకు, అంటే చెక్కిన రేకుకు సిరా పూసి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మలకు, పేరున్న ఇతర భాండాగారాల్లోనూ ఉంది. ఒక్కో చోట ఒక్కో కాగితం, అన్నిటి మీదా అదే ముఖం. అయితే నాజీలు జర్మనీని ఏలిన 1933 నుంచి 1945 దాకా ఈ కాగితం ఎవరింట్లో, ఎవరి బీరువాలో ఉంది అని అడిగితే మాత్రం జవాబు కాగితానికో తీరుగా ఉంటుంది. ఒకటి ఆ పన్నెండేళ్లూ మ్యూజియం అరలోనే పడుకుని ఉండవచ్చు. ఇంకొకటి పారిపోతున్న కుటుంబం టిక్కెట్ల ఖర్చుకు అమ్ముకున్నది కావచ్చు. మూడోదాన్ని ఎవరో పోలీసు అధికారి అట్టపెట్టెతో సహా ఎత్తుకుపోయి ఉండవచ్చు. ముందువైపు ఎంత పరీక్షించినా ఈ మూడింటికీ తేడా కనబడదు.

చిక్కంతా ఇక్కడే. నాజీల కాలంలో దోపిడీకి గురైన కళాఖండాల గురించి లోకానికి తెలిసినవి ఎక్కువగా తైలవర్ణ చిత్రాల కథలు. తైలవర్ణ చిత్రం ఒక్కటే ఉంటుంది. పాత ఫొటో ఒకటి దొరికితే చాలు, ఇదే అది అని వేలెత్తి చూపవచ్చు. రాగిరేకు నుంచి తీసిన ముద్రాచిత్రానికి ఆ వెసులుబాటు లేదు. ఫొటో దొరికినా అది తోబుట్టువు ఫొటో కూడా కావచ్చు.

ఎంతమంది తోబుట్టువులో డ్యూరర్ ఉత్తరాలే చెబుతాయి. బ్రాండెన్‌బర్గ్ రాజవంశంలో పుట్టి, మైన్జ్ ఆర్చిబిషప్పుగా, కార్డినల్‌గా ఎదిగిన ఆల్బ్రెక్ట్ ప్రభువు చిత్తరువును డ్యూరర్ రెండుసార్లు చెక్కాడు. 1519 నాటి చిన్నదాన్ని 200 ప్రతులు తీసి, రాగిరేకుతో సహా ప్రభువుకు పంపాడు. బదులుగా 200 బంగారు నాణేలు, అంగీకి 20 మూరల పట్టుబట్ట ముట్టాయని ఒక మిత్రుడికి రాసుకున్నాడు. 1523 నాటి పెద్ద చిత్తరువుకైతే పంపిన ప్రతులు 500. రేకు ప్రభువు చేతిలో ఉంది కనుక తరువాత ఇంకా ఎన్ని తీశారో లెక్క వేరు. ఈనాటి పెళ్లి ఫొటోల మాదిరిగా పంచిపెట్టడానికే చేసినవి ఇవి. పంచాలన్న ఆ కోరికే నాలుగు వందల ఏళ్ల తరువాత పరిశోధకుల పాలిట తలనొప్పి అయింది: ఐదు వందల్లో పోయినది ఏది?

ఇల్లో పొలమో కొనేటప్పుడు మనవాళ్లు లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. అమ్మేవాడికి ఎవరు అమ్మారు, వాడికి ఎవరు అమ్మారు, మధ్యలో ఎక్కడైనా గొలుసు తెగిందా అని వెనక్కి వెళ్లి చూస్తారు. మ్యూజియం వస్తువు పుట్టుపూర్వోత్తరాలంటే అచ్చంగా అదే. పొలానికైతే రిజిస్ట్రారు కార్యాలయం ఉంది, కాగితం ముక్కకు లేదు. కొన్నవాడు రసీదు దాచుకుంటే ఉంటుంది, లేకపోతే లేదు. పైగా ముద్రాచిత్రాల వ్యాపారంలో రసీదుల మీద పెద్ద పట్టింపు ఎన్నడూ లేదు. చవకగా, చిన్నగా, చుట్టి సంచిలో పెట్టుకునేలా ఉండే సరుకు అది. సరిహద్దు దాటించడానికి సులువు, కాజేయడానికి అంతకంటే సులువు.

నాజీ జర్మనీలో 1938 ఏప్రిల్ 26న వచ్చిన ఆజ్ఞ ప్రకారం, 5,000 రైష్‌మార్కులకు మించి ఆస్తి ఉన్న యూదులంతా దాన్ని ప్రభుత్వానికి వెల్లడించాలి. దేశం విడిచి వెళ్లదలిస్తే, ఆస్తి ఒక పరిమితి దాటినవాళ్లు అందులో పాతిక శాతం ‘పలాయన పన్ను’ కట్టాలి. 1941 నవంబరులో వచ్చిన మరో ఆజ్ఞతో, దేశం బయట ఉన్న యూదుల పౌరసత్వం పోయి, వాళ్లు వదిలిపోయిన సమస్తం రాజ్యానికి దఖలు పడింది. దేశం బయట అంటే పారిపోయినవాళ్లు మాత్రమే కాదు, బలవంతంగా రైలెక్కించి తూర్పుకు పంపినవాళ్లు కూడా. దోపిడీ అంతా ఇలా కాగితాల మీద చక్కగా రాసుకుని సాగింది. ఇంత రాతకోతలున్న దోపిడీలోనూ ముద్రాచిత్రాలు మాత్రం జారిపోయాయి. ఆస్తుల జాబితాలో పెద్ద చిత్రానికి ఒక వరుస, వెండి దీపస్తంభానికి ఒక వరుస కేటాయించే గుమస్తా, ముద్రాచిత్రాలున్న అట్టసంచికి మొత్తంగా ఒక్క వరుస రాసి ఊరుకోవడం వింత కాదు. ఆ ఒక్క వరుసలోంచి ఫ్రెడరిక్ ప్రభువును విడిగా బయటికి లాగడం ఎవరి తరం?

అందుకే పరిశోధకులు కాగితాన్ని బోర్లా తిప్పుతారు.

వెనకవైపు మొదట వెతికేది సేకర్త ముద్ర. ఐరోపా సేకర్తలకు శతాబ్దాల అలవాటు ఒకటుంది: తమ దగ్గరకు వచ్చిన ప్రతి కాగితం మీద, మూలనో వెనకనో, పొడి అక్షరాలతో చిన్న ముద్ర వేసుకోవడం. పశువుల మీద వాత వేసినట్టే. డచ్ పండితుడు ఫ్రిట్స్ లుగ్ట్ ఇలాంటి ముద్రలను వేల సంఖ్యలో పోగుచేసి, ఒక్కోదానికి ఒక సంఖ్య ఇచ్చి 1921లో ఫ్రెంచిలో గ్రంథం వేశాడు. 1956లో అనుబంధం వచ్చింది. ఇప్పుడది ఇంటర్నెట్‌లో వెతుక్కునే వీలుంది. ఈ రంగంలో లుగ్ట్ సంఖ్య అన్నది మన సర్వే నంబరు లాంటిది. సంఖ్య చెబితే చాలు, ఎవరి ముద్ర, ఏ కాలం, సేకరణ ఎప్పుడు వేలానికి వచ్చింది అన్నీ తెలిసిపోతాయి.

తరువాత పెన్సిలు రాతలు. వ్యాపారి రహస్య లిపిలో రాసుకున్న కొన్న ధర, వేలంలో వచ్చిన వరుస సంఖ్య, మ్యూజియం నమోదు సంఖ్య, ఏదో కేటలాగులో ఇది ఫలానా అని సూచించే అంకె. ఆపైన జిగురు మరకలు, పాత అట్టకు అతికించినప్పటి కాగితపు చీలికలు. మరకలు సరిపోలే అట్ట ఇంకెక్కడైనా దొరికితే, ఆ అట్ట మీది రాత ఈ కాగితానికీ వర్తిస్తుంది. అందుకే పాత అట్టను ఊడబీకి పారేసి శుభ్రమైన కొత్త అట్టకు ఎక్కించిన రోజున సగం సాక్ష్యం చెత్తబుట్టలోకి పోయినట్టే. ఆ పని దురుద్దేశంతో జరిగింది చాలా తక్కువ. కాగితం పాడుకాకూడదన్న మంచి ఉద్దేశంతో మ్యూజియంలే చేశాయి.

వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే కాగితం లోపలి వాటర్‌మార్క్ కనబడుతుంది, మన నోట్లలో గాంధీ బొమ్మ కనబడినట్టు. డ్యూరర్ ముద్రాచిత్రాలకు సంబంధించి జోసెఫ్ మెడర్ 1932లో వేసిన కేటలాగు ఇప్పటికీ దిక్సూచి. ఏ చిత్రం ఏ వాటర్‌మార్కు ఉన్న కాగితం మీద తొలిదశలో అచ్చయింది, రేకు అరిగాక తీసినవి ఏ కాగితం మీద ఉన్నాయి అన్న వివరం అందులో ఉంది. రాగి మెత్తని లోహం. సన్నని గీతలు ముందు అరుగుతాయి, బుగ్గల నీడలు వెలిసిపోతాయి. కొన్నిసార్లు రేకు మీది అక్షరాలే మారుతాయి. 17వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు వాన్ డైక్ గీసిన ప్రభువుల, పండితుల, చిత్రకారుల చిత్తరువులను 1645లో నూరింటిని ఒకచోట చేర్చి గిల్లిస్ హెండ్రిక్స్ అచ్చేసినప్పుడు రేకుల మీద తన పేరులోని పొడి అక్షరాలు చెక్కించాడు. తరువాత చేతులు మారినప్పుడు వాటిని చెరిపేశారు. కాబట్టి యుద్ధానికి ముందరి జాబితాలో ‘హెండ్రిక్స్ అక్షరాలున్న ప్రతి’ అని ఉంటే, చెరిపేశాక తీసిన ప్రతులన్నీ అనుమానితుల వరుసలోంచి తప్పుకుంటాయి. ఐదు వందలు యాభై అవుతాయి. యాభై ఒకటి కావాలంటే మళ్లీ ముద్రో, మరకో, చిరిగిన మూలో సాయం రావాలి.

ముద్రలు కూడా నేరుగా నిజం చెప్పవు. ఒక మ్యూజియం ముద్ర ఉన్న కాగితం వ్యక్తి చేతిలో కనబడితే దొంగసొత్తు అనుకోవడం తొందరపాటు. పాత పుస్తకాల దుకాణంలో గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకం దొరికితే అది తొలగించినదా, ఎవరో తిరిగి ఇవ్వనిదా అన్నది ఎలా తేలదో ఇదీ అంతే. ఒకే చిత్రానికి రెండు ప్రతులుంటే ఒకదాన్ని అమ్మేయడం మ్యూజియంలకు 19వ శతాబ్దం నుంచీ అలవాటు. అలా అమ్మినప్పుడు రద్దు ముద్ర వేయాలి. వేయనివీ ఉన్నాయి. మరోపక్క, ముద్రను బ్లేడుతో గీకి తీసేసిన కాగితాలుంటాయి. అక్కడ కాగితం పలచబడుతుంది. వెలుతురుకు పెడితే ఆ చోటు చుట్టుపక్కల కంటే తెల్లగా మెరుస్తుంది. అతినీలలోహిత కాంతిలో కొన్నిసార్లు సిరా నీడ కూడా తేలుతుంది. అలా గీకిన మచ్చ కంటబడితే పరిశోధకుడికి ముద్ర దొరికినంత సంబరం. ఉన్న ముద్ర పేరు చెబుతుంది, లేని ముద్ర ఎవరో ఏదో దాచారని చెబుతుంది.

యుద్ధకాలం సొంత గుర్తులు కూడా వదిలింది. పారిస్‌లో నాజీ నాయకుడు రోసెన్‌బర్గ్ దళం 200కు పైగా సేకరణల నుంచి ఎత్తుకొచ్చిన 20,000 పైచిలుకు వస్తువులను జు ద పోమ్ భవనంలో జమచేసి, ఏ కుటుంబం నుంచి వచ్చిందో తెలిసేలా పొడి అక్షరం, సంఖ్య వేసింది. అక్కడే ఉద్యోగం చేస్తూ ఏమీ పట్టనట్టు కనబడిన రోజ్ వలాన్ ఆ వివరాలన్నీ రహస్యంగా రాసుకుంది. యుద్ధం ముగిశాక అమెరికన్లు మ్యూనిక్‌లో పెట్టిన సేకరణ కేంద్రం ప్రతి వస్తువుకూ ‘మ్యూ’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య వేసి, కార్డు రాసింది. తైలవర్ణ చిత్రం చట్రం మీద ఆ సంఖ్య ఇప్పటికీ కనబడుతుంది. అట్టపెట్టెకు పడిన సంఖ్య మాత్రం పెట్టెతోనే పోయింది. లోపలి కాగితాలు పేరూ ఊరూ లేనివయ్యాయి.

ఒకే ఒక ప్రతి ఉన్న వస్తువుకు న్యాయం ఎలా జరిగిందో చూస్తే ముద్రాచిత్రం పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది. నేటి చెక్ దేశంలో ఉన్న మొరావియాలోని బ్రనో నగరంలో ఆర్థర్ ఫెల్డ్‌మన్ అనే న్యాయవాది పాత కళాకారుల చిత్తుబొమ్మలు, రేఖాచిత్రాలు దాదాపు 750 సేకరించాడు. 1939 మార్చి 15న జర్మన్ సైన్యం నగరంలోకి వచ్చిన రోజునే నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో ఆయన ఇంటిని, సేకరణను స్వాధీనం చేసుకుంది. జైల్లో చిత్రహింసల పాలైన ఆయన 1941లో మరణించాడు. భార్య ఆష్విట్జ్‌లో అంతమైంది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, లండన్ వేలంలో బ్రిటిష్ మ్యూజియం మూడు రేఖాచిత్రాలను తొమ్మిది గినీలకు కొన్నది. నాలుగోది ఆ విభాగానికి పూర్వం అధిపతిగా ఉన్న కాంప్‌బెల్ డాడ్జ్‌సన్ మరణానంతరం కానుకగా చేరింది. నాలుగూ ఫెల్డ్‌మన్‌వే. 2002లో వారసులు అడిగినప్పుడు అవి వాళ్లవేనన్న సంగతిని మ్యూజియం కాదనలేదు. బొమ్మ ఒక్కటే కనుక గుర్తింపు దగ్గర పేచీ రాలేదు. పేచీ చట్టం దగ్గర వచ్చింది.

1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ధర్మకర్తలకు సేకరణలోని వస్తువును బయటికి ఇచ్చే అధికారం దాదాపు లేకుండా చేసింది. నైతిక బాధ్యత ఉందని వాళ్లు అనుకున్నా ఇవ్వడానికి వీల్లేదని 2005లో హైకోర్టు తేల్చింది. 2006లో, నాజీ కాలపు సొత్తు దావాలను పరిశీలించే బ్రిటిష్ సలహా సంఘం సూచన మేరకు వారసులకు 1,75,000 పౌండ్లు చెల్లించారు. బొమ్మలు మ్యూజియంలోనే ఉన్నాయి. నాజీ కాలపు సొత్తు విషయంలో మాత్రం ఆ ముడిని 2009లో పార్లమెంటు ప్రత్యేక చట్టంతో సడలించింది. మిగతావాటికి ముడి అలాగే ఉంది. అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాలను లండన్ నుంచి వెనక్కి రప్పించాలన్న మాట వచ్చినప్పుడల్లా ఎదురయ్యేది ఈ 1963 చట్టమే కనుక తెలుగువాళ్లకు ఇది పరాయి గొడవేమీ కాదు.

ఆ చట్టంలోనే ఒక తమాషా ఉంది. వస్తువును వదులుకోవడానికి అనుమతించే కొద్ది కారణాల్లో మొదటిది, సేకరణలో దానికి మరో నకలు ఉండటం. అంటే రేఖాచిత్రానికి మూసుకున్న తలుపు ముద్రాచిత్రానికి ఓరగా తెరిచే ఉందన్నమాట. అయితే ముద్రాచిత్రాలు తెలిసినవాళ్లెవరూ రెండు ప్రతులు నకళ్లని ఒప్పుకోరు. సిరా వేరు, కాగితం వేరు, రేకు అరుగుదల వేరు అంటారు. ఈ వ్యాసం మొదట్నుంచీ చెబుతున్నదీ అదే. కానీ వారసులు వచ్చి ఇది మాది అన్నప్పుడు మాత్రం ‘ఇలాంటివి చాలా ఉంటాయి కదా, ఇదే అని ఎలా చెప్పగలరు’ అన్న ప్రశ్న వస్తుంది. విలువ కట్టేటప్పుడు ప్రతి కాగితమూ ప్రత్యేకం, అడిగేటప్పుడు అన్నీ ఒకటే. ఈ రెండు నాలుకల ధోరణిని ఈ రంగం ఇంకా పూర్తిగా వదిలించుకోలేదు.

ఫెల్డ్‌మన్ సేకరణలో మరికొంత భాగం బ్రనోలోనే మిగిలింది. అక్కడి మొరావియన్ గ్యాలరీ 2003లో 135 రేఖాచిత్రాలను వారసులకు అప్పగించింది. ఏ దేశం చట్టం కింద పడ్డదన్న దాన్ని బట్టి ఒకే బీరువాలోని రెండు కాగితాలకు రెండు గతులు పట్టాయి.

పోగొట్టుకున్నవాళ్లలో జర్మన్ మ్యూజియంలు కూడా ఉన్నాయి. బ్రేమెన్ కళాభవనం కథ ఈ మొత్తం వ్యవహారంలోకెల్లా మెలికలున్నది. 1943లో బాంబుల భయంతో అది 50 తైలవర్ణ చిత్రాలను, 1,715 రేఖాచిత్రాలను, మూడు వేల దాకా ముద్రాచిత్రాలను బెర్లిన్‌కు వాయవ్యంగా క్యూరిట్జ్ దగ్గరున్న కార్న్‌ట్సో గడికి తరలించింది. గడి ఒక ప్రభు కుటుంబానిది, కోనిగ్స్‌మార్క్ వంశీకులది. నేలమాళిగలో ఒక గదిలో పెట్టి గోడ కట్టేశారు. 1945 మేలో ఆ ప్రాంతానికి వచ్చిన సోవియట్ సైనికులకు ఆ గోడ కనబడింది. తరువాతి దృశ్యం ఊహించడానికి కష్టమేమీ కాదు: నేల మీద చెల్లాచెదురైన కాగితాలు, వాటి మీద బూట్ల అడుగులు, నచ్చినది మడిచి జేబులో పెట్టుకునే కుర్రవాళ్లు. వాళ్లలో ఒకడికి మాత్రం చూస్తున్నదేమిటో తెలుసు. విక్టర్ బాల్దిన్ సైన్యంలో ఇంజనీరు, వృత్తిరీత్యా వాస్తుశిల్పి. దొరికినన్ని ఏరి, మిగతా సైనికుల దగ్గరున్నవి వస్తువులిచ్చి మార్చుకుని 362 రేఖాచిత్రాలను, రెండు చిన్న తైలవర్ణ చిత్రాలను సూట్‌కేసులో పెట్టి మాస్కో చేర్చాడు. డ్యూరర్ గీసిన క్రీస్తు శిరస్సును తన బూట్ల జత ఇచ్చి దక్కించుకున్నాడని ప్రసిద్ధి.

బాల్దిన్ తరువాత మాస్కోలో వాస్తుశిల్ప మ్యూజియం అధిపతి అయ్యాడు. ఈ కాగితాలు బ్రేమెన్‌కు చెందుతాయి, పంపేద్దాం అని సోవియట్ నాయకులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. పంపలేదు. 1991లో వాటిని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంకు మార్చారు. 1998లో రష్యా పార్లమెంటు, యుద్ధంలో తెచ్చిన సాంస్కృతిక సంపదంతా తమ దేశానిదేనని చట్టం చేసింది. సోవియట్ నగరాలను జర్మన్ సైన్యం ఏ స్థాయిలో దోచి తగలబెట్టిందో తెలిసినవాళ్లకు ఆ చట్టం వెనక మంట అర్థమవుతుంది. బాల్దిన్ వాదన మాత్రం వేరు: తాను కాపాడటానికి తెచ్చాడు, పరిహారంగా కాదు.

చెల్లాచెదురైన మిగతావి ఎక్కడెక్కడో తేలాయి. ఒక మాజీ సైనికుడు 1993లో మాస్కోలోని జర్మన్ రాయబార కార్యాలయానికి 101 కాగితాలు తెచ్చి ఇచ్చాడు. అవి కూడా ఏడేళ్లు అక్కడే ఉండి, 2000లో బ్రేమెన్ చేరాయి. డ్యూరర్ 1496 నాటి ‘స్త్రీల స్నానశాల’ అజర్‌బైజాన్ రాజధాని బాకూ మ్యూజియంలో తేలింది. అక్కడి నుంచి 1993లో మరో పదకొండింటితో పాటు దొంగతనానికి గురై, 1997లో న్యూయార్క్‌లో పట్టుబడి, 2001లో ఇల్లు చేరింది. దోచిన సొత్తును మళ్లీ దోచారు. ఇవన్నీ గుర్తుపట్టగలిగింది ఎందుకంటే అవి చేత్తో గీసిన ఏకైక ప్రతులు, పైగా వాటి వివరాలు బ్రేమెన్ రికార్డుల్లో ఉన్నాయి. అదే గది నుంచి పోయిన మూడు వేల ముద్రాచిత్రాల్లో ఒకటి, వెనక బ్రేమెన్ ముద్రను గీకేసి, ఈ వారం ఎక్కడో వేలానికి వచ్చిందనుకుందాం. కేటలాగులో ‘వ్యక్తిగత సేకరణ, తూర్పు ఐరోపా’ అని ఒక ముక్క ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు.

వేలం అన్న మాటే పెద్ద చర్చకు మూలం. గెస్టపో ఎత్తుకుపోతే దోపిడీ. యజమానే వేలానికి పెడితే? బెర్లిన్ కళా గ్రంథాలయం అధిపతి కర్ట్ గ్లేసర్ ముద్రాచిత్రాలు తెలిసిన మనిషి, మునుపు బెర్లిన్ ముద్రాచిత్రాల భాండాగారంలో పనిచేసినవాడు, నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్‌కు మిత్రుడు. యూదుడైనందుకు 1933 ఏప్రిల్‌లో పదవి పోయింది. ఆయన ఉంటున్న ప్రింజ్ ఆల్బ్రెక్ట్ వీధి గెస్టపో చిరునామాగా మారింది. మే నెలలో సేకరణలో చాలా భాగాన్ని వేలానికి పెట్టి, దేశం విడిచాడు. అమెరికా చేరి, 1943లో అక్కడే పోయాడు.

ఆ మే నెల వేలంలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ కళా మ్యూజియం 200 రేఖాచిత్రాలు, ముద్రాచిత్రాలు కొన్నది. 2008లో వారసుల అభ్యర్థనను అది తిరస్కరించింది: ధర మార్కెట్ ధరే, కొన్నది సద్బుద్ధితోనే అని. లండన్‌లోని కోర్టాల్డ్ సంస్థ దగ్గర అదే సేకరణ నుంచి వచ్చిన ఎనిమిది రేఖాచిత్రాలున్నాయి. వాటి మీద బ్రిటిష్ సలహా సంఘం 2009లో ఇచ్చిన తీర్పూ దాదాపు అదే దారిలో వెళ్లింది. తిరిగి ఇవ్వనక్కర్లేదు, కథ మాత్రం పక్కన రాసి పెట్టండి అంది. తరువాత బాసెల్ పాత మినిట్స్ పుస్తకాల్లోని మాటలు వార్తలకెక్కాయి. 1933లో మ్యూజియం సంఘానికి గ్లేసర్ సేకరణ నుంచి చవకగా కొన్నామన్న సంగతి తెలుసని అవి సూచించాయి. కేసు మళ్లీ తెరిచారు. 2020లో వారసులతో ఒప్పందం కుదిరింది. డబ్బు చెల్లించి, కాగితాలను మ్యూజియం ఉంచుకుంది. 2022లో గ్లేసర్ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. బాసెల్ కాగితాల్లో ముద్రాచిత్రాలూ ఉన్నాయి. నకళ్లు లోకంలో ఇంకెన్నో ఉన్నా ఇవి గ్లేసర్‌వే అన్నదాని మీద వివాదమే రాలేదు. కారణం వెనకవైపు ముద్రలు కాదు, మ్యూజియం సొంత కొనుగోలు పుస్తకం. ఏ వేలంలో ఏ వరుస సంఖ్య ఎంతకు కొన్నదీ రాసుకుంది. నిజాయితీగా రాసుకున్న పుస్తకమే ఎనభై ఏళ్లకు దాన్ని ఇరకాటంలో పెట్టింది. పుస్తకం సరిగ్గా రాయని మ్యూజియంలు హాయిగా ఉన్నాయి. ఈ వ్యవస్థలోని పెద్ద లోపం ఇదే.

1998 డిసెంబరులో వాషింగ్టన్‌లో 44 దేశాలు పదకొండు సూత్రాలకు ఒప్పుకున్నాయి: దోపిడీ సొత్తును గుర్తించాలి, రికార్డులు తెరవాలి, న్యాయమైన పరిష్కారం వెతకాలి. 2024 మార్చిలో 20కి పైగా దేశాలు వాటికి మరింత స్పష్టత ఇచ్చాయి. ఒత్తిడిలో చేసిన అమ్మకం కూడా ఇష్టం లేని నష్టం కిందికే రావచ్చని చెప్పాయి. మాటలు బాగానే ఉన్నాయి. ఆచరణలో మ్యూజియంలు ముందు తైలవర్ణ చిత్రాలను పట్టుకున్నాయి, తరువాత శిల్పాలను. ముద్రాచిత్రాల వంతు వచ్చేసరికి లెక్క భయపెడుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో 20 లక్షలకు పైగా ముద్రాచిత్రాలున్నాయి. వియన్నాలోని అల్బెర్టినా మ్యూజియంలో పది లక్షల దాకా ఉన్నాయి. కొన్ని వందల యూరోలు కూడా పలకని ఒక చిన్న ప్రభువు చిత్తరువు గుట్టు విప్పడానికి పరిశోధకుడు నెల పని చేస్తే ఆ జీతం చిత్తరువు ధరకు ఎన్నో రెట్లు. కాబట్టి పక్కన పెడతారు. ధరను బట్టి న్యాయాన్ని వరుసలో నిలబెట్టడం అన్నమాట.

చేయగలిగిన పని ఒకటుంది, దానికి పెద్ద పాండిత్యమూ అక్కర్లేదు. మ్యూజియంలు తమ ముద్రాచిత్రాల ఫొటోలను ఇంటర్నెట్‌లో ధారాళంగా పెడుతున్నాయి. దాదాపు అన్నీ ముందువైపు ఫొటోలే. ఫ్రెడరిక్ ప్రభువు గడ్డంలోని వెంట్రుకలు లెక్కపెట్టేంత పెద్దవి చేసి చూడవచ్చు. అదే కాగితాన్ని తిప్పి, వెనకవైపు, వెలుతురుకు ఎదురుగా, మరో రెండు ఫొటోలు తీసి పక్కన పెడితే, ముద్ర గుర్తుపట్టే పని ఆ మ్యూజియం ఉద్యోగి ఒక్కడి మీదే ఉండదు. ఏ దేశంలోనో తాత సేకరణ పుస్తకం దగ్గర పెట్టుకుని కూర్చున్న మనవరాలికి ఆ పొడి అక్షరాలు చాలు. కొన్ని భాండాగారాలు ఈ పని మొదలుపెట్టాయి. మిగతాచోట్ల, 1933కు ముందు ఎవరి దగ్గర ఉందో తెలియని ప్రతి చిత్తరువు పక్కనా ఆ పన్నెండేళ్ల వరుస ఖాళీగానే ఉంది, కింద మాత్రం కొన్న ఏడాది, కానుకగా ఇచ్చిన దాత పేరు ఉన్నాయి.